చెన్నైలో పాత ఆవిరి ఇంజిన్ నడిపినప్పుడు వెళ్లి చూడాలా, మ్యూజియంలో చూస్తే సరిపోతుందా?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. ఎగ్మోర్ స్టేషన్ నుంచి పాత ఆవిరి ఇంజిన్ నడిపినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లడం విలువైన పనేనా, వెళితే ఎక్కడ నిలబడాలి అని. మ్యూజియంలో నిలబెట్టిన ఇంజిన్లు ఎలాగూ ఉన్నాయి కదా అని కూడా అన్నారు. నా మాట: తప్పకుండా వెళ్లండి. ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం) దగ్గరి రైలు మ్యూజియం మంచిదే, మా పిల్లలకీ ఇష్టం. కానీ అక్కడ ఉన్నది చల్లారిన ఇనుము. ఆవిరి ఇంజిన్ అంటే నిప్పు, నీళ్లు, వాటిని అదుపులో పెట్టే ఇద్దరు మనుషులు. ఆ మూడూ కలిసి పనిచేయడం చూస్తేనే ఆ యంత్రం ఏమిటో తెలుస్తుంది.

మా నాన్న బిట్రగుంట లోకో షెడ్‌లో ఫైర్‌మాన్‌గా, అంటే ఇంజిన్‌లో బొగ్గు వేసి నిప్పు చూసుకునే మనిషిగా చేరారు. బొగ్గు ఇంజిన్లు పోయాక కరెంటు ఇంజిన్ల మీద పనిచేసి రిటైరయ్యారు, ఇప్పుడు విల్లివాక్కంలో మా దగ్గరే ఉంటున్నారు. ఇక్కడ రాసేదాంట్లో సగం ఎగ్మోర్ ప్లాట్‌ఫాం మీద ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నదే.

ముందు ఇంజిన్ సంగతి. దాని పేరు ఎక్స్‌ప్రెస్, నంబరు ఈఐఆర్ (ఈస్ట్ ఇండియన్ రైల్వే) 21. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో కిట్సన్, థాంప్సన్ అండ్ హ్యూయిట్సన్ కంపెనీ 1855లో తయారుచేసింది. దక్షిణాదిలో మొదటి రైలు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకి నడిచింది 1856 జూలై 1న. అంటే ఈ ఇంజిన్ అంతకన్నా ఏడాది పెద్దది. 1909లో పని నుంచి తప్పించి, వందేళ్లపాటు జమాల్‌పూర్‌లో, హౌరాలో ప్రదర్శనకు ఉంచారు. 2010లో పెరంబూరు లోకో వర్క్స్ కార్మికులు దాన్ని మళ్లీ నడిచేలా చేశారు. ఢిల్లీ వైపు నడిచి గిన్నిస్‌కెక్కిన ఫెయిరీ క్వీన్ దీని తోబుట్టువే, దాని నంబరు 22.

ఇంకో ముచ్చట. ఇది ఈస్ట్ ఇండియన్ రైల్వే కోసం చేసిన బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) ఇంజిన్. ఎగ్మోర్ లైను ఎన్నో దశాబ్దాలు మీటర్‌గేజ్, అంటే అంతకన్నా ఇరుకు పట్టాలు. కాబట్టి తన కాలంలో ఈ ఇంజిన్ ఇక్కడ అడుగుపెట్టే అవకాశమే లేదు. ఇప్పుడు చేట్‌పట్, నుంగంబాక్కం మీదుగా కోడంబాక్కం వైపు వెళ్తుంటే పక్క లైన్లో లోకల్ బండ్లు దాన్ని దాటుకుంటూ పోతాయి. నాకు భలే సంతోషంగా ఉంటుంది ఆ దృశ్యం.

ఎప్పుడు నడుపుతారన్నది దక్షిణ రైల్వే ముందుగా ప్రకటిస్తుంది. ఎక్కువగా ఆగస్టు 15, జనవరి 26 చుట్టుపక్కల నడిపారు. ప్రకటన జాగ్రత్తగా చదవండి. ఆవిరి ఇంజిన్ ఆకారంలో ఉండే కరెంటు బండి ఒకటి ఆవడి కార్ షెడ్‌లో 2023లో తయారైంది. అది అందంగానే ఉంటుంది గానీ మీరు చూడాలనుకుంటున్నది అది కాదు.

బయల్దేరే సమయానికి కాదు, కనీసం గంట ముందు వెళ్లండి. అందరూ రైలు కదిలే క్షణం కోసం ఫోన్లు పట్టుకుని వస్తారు, అసలు పని అంతకు ముందే జరుగుతుంది. చల్లగా ఉన్న బాయిలర్‌ని తొందరపెట్టి కాచకూడదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేడెక్కితే లోహం సమానంగా సాగదు, జాయింట్లు కారతాయి. అందుకే చాలా గంటల ముందే నిప్పు వేసి మెల్లగా ఆవిరి పెంచుతారు. మీరు వెళ్లేసరికి ఫైర్‌మాన్ బొగ్గు సర్దుతూ ఉంటాడు. అతని కళ్లు ఎటు పోతున్నాయో పిల్లలకు చూపించండి. మాటిమాటికీ గేజ్ గ్లాస్ వైపే. అందులో కనిపించేది బాయిలర్లో నీటి మట్టం. నిప్పు గది పైకప్పు మీద ఎప్పుడూ నీళ్లు ఉండాలి, లేకపోతే ఆ లోహం కాలి మెత్తబడుతుంది, ప్రాణాల మీదకి వస్తుంది. "బొగ్గు తగ్గితే బండి ఆగుతుంది, నీళ్లు తగ్గితే మనం ఆగుతాం" అనేవారట నాన్నకి పని నేర్పిన డ్రైవర్. సేఫ్టీ వాల్వు బుస్సుమంటే పిల్లలు జడుసుకుంటారు. కుక్కర్ విజిల్ గుర్తుచేస్తే వెంటనే అర్థమైపోతుంది.

కదిలేటప్పుడు సిలిండర్ల పక్క నుంచి తెల్లగా ఆవిరి చిమ్ముతుంది. అది ఫొటోల కోసం చేసే హంగామా కాదు. చల్లటి సిలిండర్లో ఆవిరి నీరై చేరుతుంది, ఆ నీటిని పిస్టన్ నొక్కితే సిలిండర్ పగిలిపోతుంది, అందుకని ముందు బయటికి వదిలేస్తారు. అది వేడి నీరు, కాబట్టి సిలిండర్‌కి సూటిగా నిలబడకండి. కాస్త వెనక్కి, పెద్ద చక్రం పక్కగా నిలబడండి.

అక్కడి నుంచి చెవులు పెట్టి వినండి. రెండు సిలిండర్లలోనూ పిస్టన్ వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆవిరిని వదులుతుంది. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ఛుక్‌లు. ఈ ఇంజిన్ పెద్ద చక్రం ఆరడుగుల వ్యాసం, ఒక చుట్టుకి ఐదున్నర మీటర్లకు పైగా సాగుతుంది. సెకనుకి నాలుగు వినిపిస్తే వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లు. మా పెద్దమ్మాయి ఇప్పుడు లెక్కపెట్టి చెప్పేస్తుంది. లాగేది ఒక్క జత చక్రాలే కాబట్టి పట్టు తక్కువ, ఒక్కోసారి కదిలేటప్పుడు గిర్రున జారతాయి. అప్పుడు డ్రైవర్ రెగ్యులేటర్ (సిలిండర్లలోకి ఆవిరి వదిలే పిడి) తగ్గించి మళ్లీ మెల్లగా తెరుస్తాడు. ఆ చేతి ఒడుపు చూడండి.

ఆ ఛుక్ శబ్దమే నిప్పుని మండిస్తుందన్నది నాకు ఇప్పటికీ అద్భుతంగా అనిపిస్తుంది. పని ముగించిన ఆవిరి పొగగొట్టం నుంచి వేగంగా పోతూ పొగని తనతో లాక్కుపోతుంది, దాంతో కొత్త గాలి నిప్పుల్లోకి వస్తుంది. ఇంజిన్ ఎంత కష్టపడితే నిప్పు అంత రాజుకుంటుంది.

టికెట్ దొరికితే ఎక్కండి. కానీ పెట్టెలో కూర్చుంటే ఇంజిన్ కనిపించదు, నేనైతే ప్లాట్‌ఫాం టికెట్ తీసుకుని బయటే నిలబడతాను. ఎగ్మోర్‌లో జనం ఎక్కువైతే కోడంబాక్కం వెళ్లి, బండి అక్కడికి వచ్చేటప్పుడు చూడండి. పట్టాల మీదకి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దిగవద్దు. అందరూ పొగ బండి వైపు చూస్తుంటారు, వెనక లోకల్ వచ్చేది ఎవరికీ వినపడదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ ఇంజిన్ లాగేది ఒక్క పెట్టెనే, శక్తి దాదాపు 130 హార్స్‌పవర్. బరువు లాగుతూ రొప్పే శబ్దం ఇక్కడ వినపడదు. అది కావాలంటే రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మేట్టుపాళయం వెళ్లి, అక్కడ ఊటీ కొండ రైలు ఎక్కండి. అది మెయిన్ లైన్ కాదు, కొండ లైను. చాలావరకు ఆయిల్‌తో మండించే ఇంజిన్లే. కానీ కల్లార్ దాటాక పళ్లపట్టా (ఇంజిన్ పళ్లచక్రం పట్టుకుని ఎక్కే, మధ్యలో పళ్లున్న పట్టా) మీద సుమారు పన్నెండు అడుగులకు ఒక అడుగు ఎత్తు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఇంజిన్ వెనక నుంచి తోస్తుంది, అందుకని శబ్దం కావాలనుకుంటే చివరి పెట్టెలో సీటు చూసుకోండి.