రోటా చుక్కలు ఉచితమైతే నాసిరకమా?

ప్రశ్న: డాక్టరమ్మా, మాది గాజువాక. పాపకు ఆరు వారాలు. అంగన్‌వాడీలో రోటా చుక్కలు (రోటా వైరస్ విరేచనాలు రాకుండా నోట్లో వేసే టీకా) ఉచితంగా వేస్తామంటున్నారు. డబ్బు కట్టి ప్రైవేటులో వేయిస్తేనే మంచిదని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు? డాక్టర్లు టీకాల కోసం ప్రభుత్వం చుట్టూ ఎందుకు తిరుగుతారు?

జవాబు: అంగన్‌వాడీలోనే వేయించమ్మా, అవి నాసిరకం కావు. 6, 10, 14 వారాలకు వేయాలి, తేదీలు తప్పనివ్వకు. 2016లో ఈ చుక్కలను ఉచిత టీకాల్లో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అంతకుముందు చలికాలం వస్తే మా వార్డులో మంచాలు చాలేవి కావు. కళ్లు పీక్కుపోయి, ఏడ్చినా కన్నీళ్లు రాని పసివాళ్లు. ఒకసారి పాడేరు వైపు నుంచి ఒక తల్లి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చింది. సెలైన్ పెట్టడానికి బిడ్డకు నరం దొరికేసరికి అరగంట పట్టింది. బిడ్డ బతికింది. కానీ ఆ తల్లి కొనలేని చుక్కలు అప్పటికే నా క్లినిక్ ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఆ సంగతి నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. అప్పటినుంచే వినతిపత్రాలు పట్టుకుని ఆఫీసుల్లో గంటలు గంటలు కూర్చోవడం మొదలుపెట్టాను. న్యుమోనియా టీకా పీసీవీ కూడా 2021 నుంచి ఉచితంగానే వేస్తున్నారు. టైఫాయిడ్ టీకా మాత్రం ఇంకా కొనుక్కోవాల్సిందే, దానికోసం అడుగుతూనే ఉంటాం.

రోటా చుక్కలు అన్నిరకాల విరేచనాలనూ ఆపవు. మొదలైతే చనుపాలు మానొద్దు, ఓఆర్‌ఎస్ పట్టు. పాప మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. టీకా కార్డు వెంట ఉంచుకో.