మంద వైరస్ అంటే ఏ మంద?

సందేహం: పశువైద్యం చదువుతున్నాను. కాపరుల కోసం రాసిన ఒక వ్యాసానికి 'మేకలు, గొర్రెల మధ్య వ్యాపించే మంద వైరస్‌ల జన్యు అధ్యయనం' అని పేరు పెట్టాను. లాటిన్‌లో 'లెంటస్' అంటే నెమ్మది. అందుకని లెంటివైరస్‌కు మందగమనంలోని 'మంద' తీసుకున్నాను. మా నాన్న చదివి, 'మందలో పుట్టే వైరసా?' అన్నారు. తప్పెక్కడుంది?

సమాధానం: మీ నాన్నగారు సరిగ్గా పట్టుకున్నారు. తెలుగులో రెండు 'మంద'లున్నాయి. ఆలమంద, గొర్రెలమందలోది ఒకటి. మందగమనం, మందబుద్ధిలోని సంస్కృత విశేషణం మరొకటి. పక్కనే మేకలూ గొర్రెలూ ఉన్నాక ఏ తెలుగువాడికైనా మొదటిదే తోస్తుంది. పైగా 'మంద వైరస్' సంస్కృతానికీ ఇంగ్లీషుకూ ముడిపెట్టిన మాట. దుష్టసమాసాల్ని మన పెద్దలు వైరిసమాసాలనేవారు. వైరస్‌తో చేసిన సమాసానికి ఆ పేరు మరీ బాగా అతుకుతుంది!

రెండో 'మంద'నే తీసుకున్నా అర్థం పక్కదారి పడుతుంది. ఇక్కడ నెమ్మది ఏది? పాకడమా, ముదరడమా? ఈ 'నెమ్మది' ఐస్‌లాండ్ నుంచి వచ్చింది. 1933లో జర్మనీ నుంచి 20 కారకుల్ గొర్రెల్ని ఆ దేశం తెచ్చుకుంది. వాటితోపాటు కంటికి కనిపించకుండా లెంటివైరస్ జబ్బూ దిగింది. అది ఏళ్ల తర్వాత గానీ బయటపడలేదు. ఒగర్చే గొర్రెల్ని చూసి కాపరులు 'మైదీ' అన్నారు, అంటే ఆయాసం. కాళ్లు పడిపోయి చిక్కి శల్యమయ్యేవాటి జబ్బును 'విస్నా' అన్నారు, అంటే వడలిపోవడం. 1954లో బ్యోర్న్ సిగుర్డ్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు ఇలాంటి గొర్రెల జబ్బుల్ని ఆధారం చేసుకునే 'నెమ్మది అంటువ్యాధులు' అన్న ఊహ ప్రతిపాదించాడు. వైరస్ సోకాక జబ్బు పైకి తేలడానికి నెలలు, ఏళ్లు పడుతుందనీ, తేలాక మాత్రం ఆగకుండా ముదురుతుందనీ ఆయన భావం. జబ్బు పాకిన ప్రాంతాల్లో మందల్ని వధించి, కొత్త గొర్రెల్ని పెంచుకుంటే తప్ప ఐస్‌లాండ్‌కు దాని పీడ వదల్లేదు.

కాపరుల మాటలు శాస్త్రంలోకి ఎలా ఎక్కాయో చూశారు కదా. మనకూ అలాంటివున్నాయి. చిటికెలో ప్రాణం తీసేదాన్ని మనవాళ్లు 'చిటుక రోగం' అన్నారు. లెంటివైరస్ దానికి పూర్తిగా ఎదురు. అందుకే 'లెంటివైరస్' అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'సోకిన చాన్నాళ్లకు గానీ జబ్బు చూపని వైరస్' అని ఒక ముక్క చేర్చండి. 'వ్యాధి సోకింది' అని మాత్రం రాయకండి. సోకేది వైరస్, వచ్చేది జబ్బు. ఈ వైరస్ విషయంలో రెంటికీ మధ్య ఏళ్ల దూరం ఉండవచ్చు. కొన్ని జీవాలకు జబ్బు అసలే రాకపోవచ్చు.

ఇక 'మేకలు, గొర్రెల మధ్య'. పత్రికలు అలవాటు చేసిన తెగులిది. 'నీకూ నాకూ మధ్య' అంటాం గానీ 'నువ్వు, నా మధ్య' అంటామా? విభక్తి రెండింటికీ పడాలి, 'మేకలకూ గొర్రెలకూ మధ్య' అని. అప్పుడైనా 'మధ్య వ్యాపించడం' ఇంగ్లీషు వాసనే. నీకూ నాకూ మధ్య గోడ ఉంటుంది, మాట ఉంటుంది. వైరస్ మాత్రం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. తల్లి నుంచి పిల్లకు ముర్రుపాలతోనూ, ఒకే దొడ్లో ఒకదాని ఊపిరి మరొకదానికి తగిలీ అంటుకుంటుంది.

ఇక్కడ వ్యాకరణం శాస్త్రానికి కూడా అక్కరకొస్తుంది. చాలాకాలం 'గొర్రెల వైరస్' వేరు, 'మేకల వైరస్' వేరు అనుకున్నారు. మేకల్లో కీళ్లవాపు, పిల్లల్లో మెదడు జబ్బు తెచ్చేది మేకలదన్నారు. స్విస్ శాస్త్రజ్ఞులు 104 కొత్త వైరస్ నమూనాల జన్యుక్రమాలు చదివి, 2004లో వంశవృక్షం గీశారు. కొమ్మలు జంతువును బట్టి విడిపోలేదు. ఒకే కొమ్మ మీద గొర్రె నుంచి తీసినదీ మేక నుంచి తీసినదీ పక్కపక్కనే కూర్చున్నాయి. గొర్రెల నుంచి మేకలకు తరచుగా దాటుతోందనీ, జీవాల వ్యాపారంతో దేశాలు చుట్టిందనీ తేల్చారు. ఇంత జరిగాక 'గొర్రెల', 'మేకల' అన్న షష్ఠి ఆ వైరస్‌కు నప్పదు.

'జన్యు అధ్యయనం'లోనూ చిక్కుంది. ఎవరి జన్యువులు? గొర్రెల సొంత జన్యువు టీఎంఈఎం154 రకాన్ని బట్టి కొన్నిటికి ఈ వైరస్ తేలిగ్గా సోకుతుందని తేల్చిన పరిశోధనా ఉంది. మీది వైరస్ జన్యుక్రమం గురించి కాబట్టి ఆ మాటే అనండి.

మేకల్నీ గొర్రెల్నీ కలిపి చెప్పడానికి ఇంగ్లీషువాడు 'చిన్న నెమరు జంతువులు' అన్నట్టు చుట్టు తిరుగుతాడు. మన కాపరికి ఒక్క మాట చాలు. 'ఎన్ని జీవాలున్నయ్?' అంటే రెండూ లెక్కలోకొస్తాయి. శీర్షిక ఇలా మార్చుకోండి: 'జీవాల్లో లెంటివైరస్: గొర్రె నుంచి మేకకు ఎలా దాటిందో వైరస్ జన్యుక్రమం చెబుతుంది'. కొంచెం పొడుగైంది. నాన్నగారికి మరోసారి చూపించండి.