భూమిని కూల్చే నోటీసు ఎక్కడ అంటించారు?

మీరు అడిగింది ఇది: "డగ్లస్ ఆడమ్స్ రాసిన 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' రెండుసార్లు మొదలుపెట్టి యాభై పేజీల దగ్గర వదిలేశాను. కథ లేదు, తలా తోకా లేదు. ఇలాంటి కామెడీ సైన్స్ ఫిక్షన్‌లో జనానికి అంతగా ఏం నచ్చుతుంది?"

నేనూ రెండుసార్లు వదిలేసినవాణ్ణే. మూడోసారి నా చేత చదివించింది మా ఇంటి గోడ మీద పడిన ఎర్ర పెయింటు.

మాది గుంటూరు వైపు ఓ చిన్న టౌను. మెయిన్ రోడ్డు వెడల్పు చేస్తారని అంటూనే ఉండేవాళ్లు. ఓ రోజు ఇద్దరు మనుషులు టేపు పట్టుకొచ్చి, అరుగు దాటి వరండా మధ్య దాకా కొలిచి, గోడ మీద ఓ అంకె, ఓ బాణం గీసి వెళ్లిపోయారు. నాన్న రిటైర్డ్ టీచరు, రూల్సంటే నమ్మకం ఉన్న మనిషి. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకెళ్లారు. "అభ్యంతరాలకి గడువు అయిపోయిందండీ మాస్టారూ, నోటీసు బోర్డులో పెట్టాం కదా" అన్నారట. బోర్డు ఎక్కడండీ అంటే మెట్ల కింద చూపించారు. దాని ముందు ఓ పాత ఎయిర్ కూలరు, నాలుగు విరిగిన కుర్చీలు. బోర్డు అద్దం తలుపుకి తాళం. తాళంచెవి అటెండరు దగ్గర, అటెండరు సెలవులో. నాన్న కూలరు మీదుగా వంగి, దుమ్ము పట్టిన అద్దంలోంచి మా ఇంటి నంబరు తనే చదువుకుని వచ్చారు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఈ పుస్తకం మళ్లీ తెరిచాను. ఆర్థర్ డెంట్ అనే మామూలు మనిషి పొద్దున్నే లేచి చూస్తే ఇంటి ముందు బుల్‌డోజర్లు. బైపాస్ రోడ్డు కోసం ఇల్లు కూల్చాలట. ప్లాన్లు ప్రజల కోసం ప్రదర్శనకు పెట్టాం కదా అంటారు ఆఫీసువాళ్లు. ఎక్కడ? నేలమాళిగలో. అక్కడ దీపాలు లేవు, మెట్లు లేవు. వాడకంలో లేని లెట్రిన్, అందులో తాళం వేసిన బీరువా, తలుపు మీద చిరుతపులి ఉంది జాగ్రత్త అని బోర్డు. పాపం ఆర్థర్ వెళ్లి బురదలో బుల్‌డోజర్‌కి అడ్డంగా పడుకుంటాడు. అంతలో ఆకాశంలోకి వోగాన్లనే గ్రహాంతరవాసుల ఓడలు వస్తాయి. అంతరిక్షంలో బైపాస్ వేస్తున్నారు, దారికి భూమి అడ్డం, కాబట్టి కూల్చేస్తున్నారు. జనం గోల పెడితే, ప్లాన్లు మీ దగ్గర్లోని ఆల్ఫా సెంటారీ ఆఫీసులో యాభై ఏళ్లుగా పెట్టి ఉన్నాయి, వచ్చి చూసుకోకపోతే మేమేం చేస్తాం అంటారు. ఆ "దగ్గర్లోని" నక్షత్రానికి వెలుతురు వెళ్లడానికే నాలుగేళ్ల పైన పడుతుంది.

మొదటి రెండుసార్లు కూడా ఈ పేజీలు చదివాను. అప్పుడు నాకది చిన్నపిల్లల అల్లరిలా అనిపించింది. ఈసారి రాత్రి పన్నెండింటికి దిండు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. పొద్దున్న కాఫీ తాగుతూ నాన్నకి కథ చెప్పాను. వారం రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి. నవ్వి, ఆగి, సీరియస్‌గా అడిగారు: "మరి భూమికి నష్టపరిహారం ఎంతిచ్చార్రా?"

నా మటుకు మీ ప్రశ్నకి జవాబు అదే. పెద్ద పెద్ద సైన్స్ ఫిక్షన్ నవలల్లో భూమిని నాశనం చేసేది దుష్ట సామ్రాజ్యాలు. ఇక్కడ చేసేది గుమాస్తాలు. వోగాన్లకి మన మీద పగేమీ లేదు, ఫైల్లో ఉంది కాబట్టి చేస్తున్నారు. ఇది నాకు తెలిసిన ప్రపంచమే, కాకపోతే పటం సైజు పెద్దది. పైగా రచయిత ఎక్కడా నవ్వు మొహం పెట్టడు. అడ్డగోలు విషయాన్ని జీవో భాషలో చెప్పుకుపోతాడు.

కథ లేదన్న మీ ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. ఇది పుట్టింది నవలగా కాదు, 1978 మార్చిలో బీబీసీ రేడియో 4లో నాటకంగా. మొదట అనుకున్నది ఆరు విడి కథలు, ఒక్కోదాంట్లో భూమి ఒక్కో రకంగా అంతమవడం. అది కాస్తా ఒకే కథ అయింది. ముందు ఏం జరుగుతుందో తనకే తెలియకుండా ఆడమ్స్ ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ రాసుకుంటూ పోయాడు. 1979లో నవల వచ్చింది. గడువులు దాటించడంలో ఆడమ్స్ ఘనుడు. చివరికి ప్రచురణకర్తలు విసిగిపోయి, ఇప్పుడు రాస్తున్న పేజీ పూర్తిచేసి ఇచ్చేయమన్నారట. మొదటి పుస్తకం చటుక్కున ఆగిపోయేది అందుకే. నాలుగో పుస్తకానికైతే సోనీ మెహతా, మన దేశంలో పుట్టిన ఎడిటరే, ఆడమ్స్‌తో పాటు హోటల్ గదుల్లో మకాం వేసి మరీ రాయించాడు.

కాబట్టి దీన్ని నవలలా చదవకండి, హరికథలా చదవండి. హరిదాసుగారు అసలు కథ ఆపి పిట్టకథలోకి దిగితే మనం విసుక్కోం, దాని కోసమే కూర్చుంటాం. ఇక్కడా రసమంతా పిట్టకథల్లోనే. నాకు బాగా ఇష్టమైనది తిమింగలం. ఆర్థర్ ఎక్కిన ఓడ మీదికి దూసుకొస్తున్న ఓ క్షిపణి, అసంభవాలతో నడిచే ఇంజను పుణ్యమా అని, ఆకాశంలో తిమింగలం అయిపోతుంది. ఇంజను పుట్టిన తీరు కూడా తమాషాయే: హీరోని గాలి లేని అంతరిక్షంలోకి తోసేశాక ఎలా కాపాడాలో ఆడమ్స్‌కే తోచలేదు. ఎలా కాపాడినా నమ్మశక్యంగా ఉండదు కదా, సరే, ఆ నమ్మశక్యం కానితనాన్నే ఇంధనం చేసేశాడు! అప్పుడే పుట్టిన ఆ తిమింగలం కింద పడుతూ, నేనెవర్ని, ఈ గాలేమిటి, ఎదురుగా వస్తున్న ఈ విశాలమైనది నాతో స్నేహం చేస్తుందా అని సంబరపడుతుంది. అది నేల. నవ్వుతూ నవ్వుతూ అక్కడ నా గొంతు పట్టేసింది. వట్టి జోకుల పుస్తకం ఆ పని చేయలేదు.

అందరూ చెప్పుకునే 42 సంగతి. బ్రహ్మాండమైన కంప్యూటరు 75 లక్షల ఏళ్లు లెక్కేసి జీవితానికీ, విశ్వానికీ, సమస్తానికీ జవాబు 42 అంటుంది. అసలు ప్రశ్న ఏమిటో ఎవరికీ తెలియదు. అందులో వేదాంతం వెతకక్కర్లేదు, ఊరికే ఓ మామూలు అంకె ఎంచుకున్నానని ఆడమ్సే చెప్పాడు. ప్రశ్నపత్రం లేకుండా ఆన్సర్ కీ ఒక్కటే చేతికొచ్చినట్టు. కోచింగ్ సెంటర్లలో పెరిగిన మనవాళ్లకి ఈ జోకు విడమరిచి చెప్పాలా? మార్విన్ అనే రోబో కూడా అంతే. గ్రహమంత మెదడు ఇచ్చి తలుపులు తీసే పని చెబుతారు. ఎంటెక్ చేసి మూడేళ్లు ఎక్సెల్ షీట్లలో రంగులు మార్చినవాణ్ణి, వాడి ఏడుపు నాకు అర్థమైంది.

క్రికెట్ పిచ్చి ఉంటే 1982లో వచ్చిన మూడో పుస్తకం చూడండి. క్రికిట్ అనే గ్రహం చుట్టూ దట్టమైన ధూళి, అక్కడి జనం నక్షత్రమన్నది చూసి ఎరగరు. మంచివాళ్లు, పాటలు పాడుకుంటారు. మొదటిసారి బయటికొచ్చి విశ్వాన్ని చూసి, ఇది ఉండటానికి వీల్లేదని తేల్చేసి యుద్ధానికి దిగుతారు. మన క్రికెట్ ఆ యుద్ధం తాలూకు పీడకల జ్ఞాపకమట. 1992లో వచ్చిన ఐదోది మాత్రం నాకు నచ్చలేదు, చేదెక్కువ.

ఆడమ్స్ ఇంగ్లీషు హాస్యం మీకు కుదరకపోతే పోలండ్ రచయిత స్టానిస్వావ్ లెమ్ ఉన్నాడు. ఆయన కథల్లో ఈయోన్ టిఖీ అనే అంతరిక్ష యాత్రికుడు ఒంటరిగా వెళ్తుంటే ఓడ చుక్కాని చెడుతుంది. బాగు చేయడానికి ఇద్దరు కావాలి. కాలం మెలికపడి సోమవారం టిఖీ, మంగళవారం టిఖీ, ఇలా గది నిండా తనే తయారవుతాడు. అంతమంది ఉండీ ఒక్కరూ బోల్టు బిగించరు, అందరూ కొట్లాటే. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగే.

మనకీ రుచి కొత్తదేం కాదు. మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరిన బారిష్టరు పార్వతీశాన్ని తలుచుకోండి. ఏమీ తెలియకుండా, తను అనుకున్నదే సబబనుకుంటూ కొత్త లోకంలో తిరిగే మనిషి. ఆర్థర్ డెంట్ అతనికి వేలువిడిచిన తమ్ముడు. విశ్వం చివర దాకా వెళ్లినా వాడికి కావలసింది ఓ కప్పు టీ!

మూడోసారి మొదలుపెడితే రోజుకి పది పేజీలకి మించి చదవకండి. వీలైతే ముందు రేడియో నాటకం వినండి. తిమింగలం దాకా వచ్చినా నవ్వు రాకపోతే మొహమాటం లేకుండా వదిలేయండి.

మా వరండా పోయింది. పరిహారం ఫైలు ఇంకా నడుస్తూనే ఉంది. మొన్న ఫోన్ చేసి ఎంతదాకా వచ్చిందని అడిగితే, "ఆల్ఫా సెంటారీ దాటిందటరా, సంతకం ఒక్కటే మిగిలింది" అన్నారు నాన్న.