ఆ గేటు మీద పేర్లెవరివి?

తమ్ముడూ,

ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్ మీద నీ వ్యాసం గుంటూరు బస్సెక్కి చదవడం మొదలెట్టా, మంగళగిరి వచ్చేసరికి మూసేశా. తిట్టడానికి కాదులే, మొదటి పేజీలోనే "అమరవీరులు" ఏడుసార్లుంది, లెక్కపెట్టా, కానీ ఒక్క మనిషీ కనపళ్ళేదు.

ఇండియా గేటు 1971 యుద్ధంలో పోయినవాళ్ళ కోసం కట్టారని రాశావు చూడు, కుర్రతనంలో నేనూ అదే రాసి అచ్చేయించుకున్నా. ఒక రిటైర్డ్ హవల్దారు గారు కార్డు ముక్క రాశారు, "బాబూ, అది తెల్లోడు కట్టింది" అని. సిగ్గేసింది. 1921లో పునాది, 1931లో ప్రారంభం, దాని మీదున్న పేర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో, 1919 అఫ్గాన్ యుద్ధంలో పోయినవాళ్ళవి. 1971 తర్వాత దాని కింద అమర్ జవాన్ జ్యోతి పెట్టారు, తిరగేసి నిలబెట్టిన రైఫిలు, పైన హెల్మెట్, 1972 జనవరి 26న వెలిగించారు. అంటే మనోళ్ళకి దండం పెట్టాలన్నా యాభై ఏళ్ళు ఆ గేటు కిందకే వెళ్ళాం. సొంత స్మారకం కావాలని సైన్యం 1960లోనే అడిగితే ఈ వార్ మెమోరియల్ 2019 ఫిబ్రవరి 25కి గానీ తెరవలేదు. నీ కథంతా ఈ ఆలస్యంలోనే ఉందయ్యా, నువ్వేమో దాన్ని ఒక్క లైన్లో దాటేశావు!

ఇంకోటి, ఆ మెమోరియల్ డిజైన్ చక్రవ్యూహం. మనూళ్ళో పద్మవ్యూహం నాటకం చూడనివాడెవడు, అభిమన్యుడు గుర్తురాలేదా నీకు? నాలుగు చక్రాలు, నడిమధ్య జ్యోతి, త్యాగ చక్రం గోడల్లో ఒక్కో గ్రానైట్ పలక మీద ఒక్కో పేరు, ర్యాంకు, యూనిట్. తెరిచిన రోజుకి 25,942 పేర్లు. అన్నిటికీ బయట రక్షక చక్రం, అక్కడ గోడ లేదు, వరసగా చెట్లే. 2022 జనవరి 21న గేటు కింది జ్యోతిని తెచ్చి ఇక్కడి జ్యోతిలో కలిపేశారు, దాని మీద పెద్ద గొడవే అయింది, రెండు పక్షాల మాటా రాయి, భయపడకు.

తెనాలి వైపు ఒక పెద్దావిడని మీ అబ్బాయి పేరేంటమ్మా అని అడిగితే "నాయక్ అండీ" అని ముందు సైన్యంలో ర్యాంకు చెప్పింది, పేరు తర్వాత చెప్పింది. ఆ పలక మీదా అంతే, ముందు ర్యాంకే. అక్కణ్ణుంచి మొదలెట్టి మళ్ళీ రాయి, ఆదివారం బ్రాడీపేట వస్తా, తీసుకురా.

మీ అన్నయ్య