తలకి ఆపరేషన్ చేయించినా ముఖం లోపలికే ఎందుకుంది?

"మా బాబుకి క్రూజాన్ సిండ్రోమ్. ఏడాది నిండకముందే తల ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు నాలుగేళ్లు. నుదురు బాగానే వచ్చింది, ముక్కు, బుగ్గల దగ్గర మాత్రం లోపలికే ఉండిపోయింది. ఆపరేషన్ ఫెయిలయినట్టేనా?" అని ఒకరు అడిగారు.

కాదండీ. క్రూజాన్ అంటే పుర్రె, ముఖం ఎముకల అతుకులు ముందే మూసుకుపోయే జన్యు సమస్య. మా పాపదీ ఇదే సమస్య, దానికిప్పుడు తొమ్మిదేళ్లు. అప్పట్లో నేనూ ఇలాగే అడిగాను. సర్జన్ గారు సీటీ ఫిల్మ్ లైటుకి పెట్టి, ముక్కు మొదలు నుంచి తల మెడ మీద కూర్చునే చోటు దాకా పెన్ను ఆనించి చూపించారు. "మనం చేసింది పైకప్పుకమ్మా. ముఖం వేలాడేది ఈ దూలానికి" అన్నారు.

ఆ దూలమే పుర్రె అడుగు భాగం. పైకప్పు ఎముకలు పలుచని పొరలోంచి తయారవుతాయి. అడుగు భాగం మాత్రం ముందు మృదులాస్థిగా ఉండి తర్వాత ఎముకవుతుంది. మధ్యలో మిగిలిన మృదులాస్థి అతుకుల దగ్గరే అది పొడుగు సాగుతుంది. వాటిలో వెనకది, స్పీనో-ఆక్సిపిటల్ సింకాండ్రోసిస్, మామూలుగా టీనేజ్‌లో గానీ మూసుకోదు. క్రూజాన్ పిల్లల్లో ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 జన్యువులో మార్పు వల్ల అది ముందే మూసుకోవచ్చు, ముఖం ఎముకల అతుకులూ అంతే. దాంతో పైదవడ ముందుకి రాదు, కంటిగూళ్లకి లోతు చాలదు. కింది దవడ తన మానాన తను పెరుగుతుంది. మా అత్తగారు "గడ్డం ముందుకొచ్చేస్తోందే" అని ఒకటే కంగారు. వెనకబడింది పైదవడ అని ఆవిడకి చెప్పి ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది! (గ్రహణం రోజు బయట తిరిగావా అని అడిగేవాళ్లు మీకూ తగిలే ఉంటారు. వదిలేయండి.)

అకాండ్రోప్లేసియా (చేతులు, కాళ్లు పొట్టిగా ఉండే మరుగుజ్జుతనం) పిల్లల్ని చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. వాళ్లకి సాధారణంగా పైకప్పు అతుకులు బాగానే ఉంటాయి. అయినా అడుగు పొట్టిగా ఉండటంతో ముక్కు మొదలు నొక్కుకుపోయినట్టుంటుంది.

అందం సంగతి తర్వాత, పైదవడ వెనకబడితే ఊపిరి దారి ఇరుకు కావచ్చు, అందుకని ముందు రాత్రిపూట బాబుని గమనించండి. మా పాప నోరు తెరిచి, మెడ వెనక్కి వాల్చి, గురక మధ్యలో ఊపిరి ఆపేసేది. ఒక డాక్టరు జలుబని ఆరు నెలలు సిరప్‌లే రాశారు. రెప్పలు పూర్తిగా మూతపడక సన్నని తెల్ల గీత కనిపించేది. అలా ఉంటే కంటి పొర ఎండిపోతుంది, కంటి డాక్టర్‌కి చూపించాలి.

ముఖం మధ్య భాగాన్ని ముందుకి తెచ్చే ఆపరేషన్ వేరే ఉంది, లె ఫోర్ట్ 3. ఎముక కోసి, ఫ్రేమ్ బిగించి, రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున లాగుతారు. ఊపిరికో కళ్లకో ప్రమాదముంటే త్వరగా చేస్తారు, లేదంటే పెరిగేదాకా ఆగమంటారు, ఎందుకంటే చిన్నప్పుడే చేస్తే పెద్దయ్యాక మళ్లీ చేయాల్సి రావచ్చు. మమ్మల్ని ఆగమన్నారు.

బాబు నిద్రపోయేటప్పుడు ఫోన్లో వీడియో తీసి తీసుకెళ్లండి. నేను నోటితో ఎంత చెప్పినా కదలని పని, ఇరవై సెకన్ల వీడియో చూపించగానే కదిలింది. ఆ రోజే స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష) రాశారు.