పిడుదులు వెతికే కొడుక్కి "స్కోప్" ఉందా?

పెరంబూరు నుంచి ఒక తల్లి రాశారు. వాళ్లబ్బాయి చెన్నైలోనే బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతున్నాడు. ఇళ్లల్లోకి వచ్చే పాముల్ని కాపాడే వాలంటీర్లతో తిరుగుతుంటాడు. ఒకసారి దెబ్బ తగిలిన ఉడుము చంకల్లో, జంతువుల ఒంటికి పట్టి రక్తం తాగే పిడుదులు చూశాడట. అప్పటినుంచి పాములు, ఉడుములు, తాబేళ్ల మీద బతికే పిడుదుల్లో కొత్త జాతుల్ని కనిపెట్టడమే తన పని అంటున్నాడు. తండ్రి రైల్వే ఉద్యోగి. చెన్నై ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనమామ మాట విని, బయోఇన్ఫర్మాటిక్స్ (జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువు) డిప్లొమాలో చేర్పించాలని చూస్తున్నారు. "ఈ రెండిట్లో దేనికి స్కోప్ ఉంది? ఆ పురుగులు కుడితే ప్రమాదం కాదా? ఫ్రిజ్‌లో పెట్టుకున్న సీసాల్ని నేనే పారేశాను. వాడు నాతో మాట్లాడటం లేదు" అని ఉత్తరం.

అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా ఏళ్లుగా వస్తున్నాయి. ఒకరి అమ్మాయికి సాలీళ్లు, ఇంకొకరి అబ్బాయికి కప్పలు. అందరూ అడిగేది స్కోప్ గురించే. లోపలున్న భయం వేరు. ముప్పై ఏళ్లొచ్చినా వీడు మా మీదే ఆధారపడతాడా? నలుగురిలో "మీవాడు ఏం చేస్తున్నాడు" అంటే ఏం చెప్పాలి? ఈ భయం ఏ తల్లికైనా ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. దాని గురించే ముందు మాట్లాడదాం.

కొత్త జాతులు కనిపెట్టడం అనేది ఉద్యోగం కాదు. ఆ పేరుతో నెల జీతం ఇచ్చేవాళ్లు లేరు. మీవాడికి ఈ మాట గట్టిగానే చెప్పండి. అయితే పిడుదుని చూసి ఇది ఫలానాది అని నమ్మకంగా చెప్పగలగడం మాత్రం జీతం తెచ్చే విద్యే. పశువైద్యానికీ, ప్రజారోగ్యానికీ, క్వారంటైన్‌కీ అలాంటి మనుషులు కావాలి. ఆ పని ఏళ్ల తరబడి చేసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు, ఏ జాబితాలోనూ లేనిది కంటపడుతుంది. కొత్త జాతి దొరికే దారి అదే. మీవాడు రెండో మెట్టు దగ్గర నిలబడి మొదటి మెట్టు ఎక్కడుందని అడుగుతున్నాడు.

వాడు ఎంచుకున్నది ఎంత ఓపిక అడిగే పనో మీకూ తెలియాలి. ప్రపంచంలో ఇప్పటికి తొమ్మిది వందలకు పైగా పిడుదు జాతులకి పేర్లున్నాయి. మన దేశంలో ఉడుముల మీదా, పాముల మీదా ఎక్కువగా కనిపించే అంబ్లియోమా జెర్వైసీ అనే పిడుదు 1847లోనే నమోదైంది. పాత భారతీయ వ్యాసాల్లో దాన్నే అపోనోమా అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్) కింద రాశారు. ఆ ప్రజాతిని 2002లో రద్దు చేసి, అందులోని జాతుల్లో చాలావాటిని అంబ్లియోమాలో కలిపేశారు. కొన్ని ఆస్ట్రేలియా జాతులకి బోత్రియోక్రోటాన్ అని వేరే ప్రజాతి పెట్టారు. అంటే ఒకే పురుగు పాత కాగితాల్లో ఒక పేరుతో, కొత్త కాగితాల్లో ఇంకో పేరుతో ఉంటుంది. ఈ లెక్క తెలియకుండా "ఇది ఎక్కడా లేదు, కొత్తది" అనుకునే కుర్రాళ్లు చాలామంది.

పైగా పిడుదు వయసుని బట్టి మారిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి ఆరు కాళ్లు, తర్వాతి దశలో ఎనిమిది. గట్టి పిడుదుల్లో మగదానికి వీపంతా పెంకు కప్పి ఉంటుంది, ఆడదానికి ముందు భాగంలో మాత్రమే. ఆడది రక్తం తాగి ఉబ్బితే ఆకారమే గుర్తుపట్టలేం. కొన్ని జాతుల్ని మగదాన్నో ఆడదాన్నో ఒక్కదాన్నే చూసి వర్ణించారు, పిల్ల దశలు ఎలా ఉంటాయో ఎవరూ రాయలేదు. కాబట్టి కొత్తగా కనిపించేది పాత జాతికే ఆడదో, పిల్లో కావచ్చు. అది తేల్చాలంటే నోటి కింద ముళ్ల వరుసలు లెక్కపెట్టాలి, కాళ్ల మొదట్లో ఉండే కొక్కేల్లాంటి ముళ్లు, పక్కల ఊపిరి రంధ్రాల పలకలు చూడాలి. ఆ తర్వాత మొదట పేరు పెట్టినప్పుడు దాచిన అసలు నమూనాతో పోల్చాలి. అది కోల్‌కతాలో ఉండొచ్చు, ఐరోపాలో ఏదో మ్యూజియంలో ఉండొచ్చు. మన జీవ వైవిధ్య చట్టం, 2002 ప్రకారం కొత్తది కనిపెట్టినవాళ్లు ప్రభుత్వం నియమించిన సంస్థకి తెలియజేసి, నమూనా అప్పగించాలి కూడా.

ఇప్పుడు ఆ సీసాల సంగతి. మీ మీద నాకు కోపం వచ్చింది, దాచను. వంటింటి ఫ్రిజ్‌లో పురుగులు వద్దని చెప్పే హక్కు మీకుంది. చెప్పకుండా పారేసే హక్కు లేదు. ఏ జంతువు మీద, ఏ ఊళ్లో, ఏ తేదీన దొరికిందో కాగితం ముక్క మీద రాసి ఉంటే ఆ సీసాకి విలువ ఉంటుంది. అది పోతే మళ్లీ తేలేరు. మీ తమ్ముడి ల్యాప్‌టాప్‌ని మీరు చెత్తబుట్టలో వేయరు కదా! కొడుకు పని మీకు అర్థం కాకపోతే దానికి విలువ లేదనుకోవడం న్యాయం కాదు. వాడితో ఆ మాట మీరే ముందు అనండి. సారీ చెప్పడానికి తల్లి అన్న హోదా అడ్డు రాకూడదు.

తప్పు వాడి వైపూ ఉంది. ఉడుము వన్యప్రాణి రక్షణ చట్టం, 1972లో ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితా అయిన షెడ్యూల్ ఒకటిలో ఉంది. దాన్ని పట్టుకోవాలన్నా, ఒంటి మీంచి నమూనాలు తీయాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. కాపాడటానికి వెళ్లినవాడు ఉత్సాహం కొద్దీ సీసా తీస్తే రేపు కేసు కావచ్చు, ఆ నమూనాతో వ్యాసం రాసినా ఏ మంచి సైన్సు పత్రికా వేసుకోదు. అనుమతి ఉన్న సంస్థలో, అనుభవం ఉన్న మనిషి కింద చేయమనండి. అప్పుడు ఇంట్లో ఫ్రిజ్ అవసరమే ఉండదు.

మీ తమ్ముడు చెప్పిన డిప్లొమా విషయానికొస్తే, నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. బయోఇన్ఫర్మాటిక్స్ చెడ్డదని అనను. గణితం, కోడింగ్, జీవశాస్త్రం మూడూ లోతుగా వచ్చినవాళ్లకి అది మంచి జీవితమే ఇస్తుంది. మీలాంటి తల్లిదండ్రులకి అమ్ముతున్నది అది కాదు. లక్షల ఫీజు తీసుకుని, కొన్ని నెలల్లో కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఏ బటన్ నొక్కితే ఏం వస్తుందో నేర్పే కోర్సులు ఊరి నిండా ఉన్నాయి. అవి ముగించుకుని వచ్చిన పిల్లలు నా ఎదుట కూర్చున్నప్పుడు నాకు బాధేస్తుంది. కంపెనీకి వెళితే అక్కడ కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లతో పోటీ. ల్యాబ్‌కి వెళితే అక్కడ జీవశాస్త్రం చేతుల్తో చేసినవాళ్లతో పోటీ. రెండు చోట్లా వెనకబడి, చివరికి సంబంధం లేని డేటా ఎంట్రీ పనిలో చేరతారు. ఆ ప్రకటనలో "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అని ఉంటే, నిరుడు ఎవరికి, ఏ పోస్టులో, ఎంత జీతానికి ఇచ్చారో కాగితం మీద చూపించమనండి. చూపించకపోతే ఫీజు కట్టకండి.

"ఇప్పుడంతా డీఎన్ఏతోనే కదా, మైక్రోస్కోపు ముందు కూర్చునే వాళ్ల అవసరం ఏముంది" అని మీ తమ్ముడు అన్నాడని రాశారు. చాలామంది చదువుకున్నవాళ్లూ ఇలాగే అనుకుంటున్నారు. పిడుదుల్లో సాధారణంగా చూసే డీఎన్ఏ ముక్కలు పదహారు ఎస్, సీఓఐ. యంత్రం అక్షరాల వరుస ఇస్తుంది, పేరు ఇవ్వదు. ఆ వరుసని అంతర్జాతీయ డేటాబేస్‌లో ఉన్నవాటితో పోల్చి పేరు చెబుతారు. డేటాబేస్‌లో ఆ పేరు పెట్టింది ఇంకెక్కడో ఒక మనిషి. అతను పురుగుని తప్పుగా గుర్తుపట్టి ఉంటే, ఆ తప్పే అందరికీ పాకుతుంది. ఎవరూ వరుస ఎక్కించని జాతి అయితే పోల్చడానికి ఏమీ దొరకదు, సరీసృపాల పిడుదుల్లో అలాంటివి ఉన్నాయి. డీఎన్ఏ మీవాడు తప్పకుండా నేర్చుకోవాలి. పురుగుని చూడటం వచ్చాక నేర్చుకుంటే అది ఆయుధం. చూడటం రాకుండా నేర్చుకుంటే ఎవరో చెప్పిన పేరుని తిరిగి చెప్పడమే అవుతుంది.

ప్రమాదం గురించి: ఉంది, జాగ్రత్తలూ ఉన్నాయి. 1957లో కర్ణాటకలో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చనిపోతుంటే బయటపడిన జ్వరం పిడుదుల వల్ల వచ్చేదే. దాన్ని మోసేది ముఖ్యంగా హీమాఫైసాలిస్ అనే వేరే ప్రజాతి. 2011లో గుజరాత్‌లో మొదటిసారి నిర్ధారణ అయిన క్రిమియన్ కాంగో జ్వరానికి హయలోమా పిడుదులు కారణం. ఆస్ట్రేలియాలో సరీసృపాల మీద బతికే ఒక పిడుదు మనుషులకి మచ్చల జ్వరం తెస్తుంది. అందుకే ఈ పని చేసేవాళ్లు నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, పట్టకారు లేకుండా దిగరు, ఇంటికొచ్చాక ఒళ్లంతా చూసుకుంటారు. మీవాడు వీటిని పాటిస్తున్నాడా అని అడగండి. నాకైతే పిడుదుల కంటే పాములతోనే ఎక్కువ టెన్షన్. శిక్షణ లేకుండా నాగుపాముని ముట్టుకోనని మాట తీసుకోండి.

అదే ప్రమాదం వల్లే ఈ విద్యకి గిరాకీ. అమెరికా 2000లో కొన్ని ఆఫ్రికా తాబేళ్ల దిగుమతిని ఆపేసింది. వాటి మీద వచ్చే పిడుదులు పశువుల్ని చంపే హార్ట్‌వాటర్ జబ్బుని మోసుకొస్తాయన్న భయంతోనే. మన చెన్నై విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి దొంగతనంగా తెచ్చిన బల్లులు, పాములు, తాబేళ్లు పట్టుబడటం పేపర్లో మీరూ చూస్తుంటారు. వాటితోపాటు ఏ పిడుదులు దిగుతున్నాయో చూడగలిగిన కళ్లు మనకి కావాలి.

దారి ఇలా ఉంటుంది. డిగ్రీ అవగానే పుదుచ్చేరిలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ (జబ్బులు మోసే కీటకాల చదువు) ఎమ్మెస్సీకి ప్రయత్నించమనండి. జువాలజీ వాళ్లకి అది సరిపోయే కోర్సు. దోమలతో పాటు పిడుదుల గురించీ చదవొచ్చు, ఉద్యోగం విషయంలో మీ ఇంట్లో గొడవ సగం తగ్గుతుంది. ఈలోగా శాంథోమ్‌లో ఉన్న జువలాజికల్ సర్వే వారి ప్రాంతీయ కేంద్రానికి, వేపేరి పశువైద్య కళాశాలలో పారాసైటాలజీ (పరాన్నజీవుల) విభాగానికి మర్యాదగా ఉత్తరం రాసి, సెలవుల్లో పని నేర్చుకుంటానని అడగమనండి. కొందరు జవాబు ఇవ్వరు. మళ్లీ రాయాలి. హోసూరులో రాష్ట్ర ప్రభుత్వానికి కీటకాల ద్వారా వచ్చే జబ్బుల మీద ఒక సంస్థ ఉంది, అదీ ఒకసారి వెళ్లి చూడొచ్చు.

డబ్బు సంగతి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరుగా. పీహెచ్‌డీ చేస్తున్నంతకాలం మిమ్మల్ని చేయి చాచి అడగనక్కర్లేదు. ఆ తర్వాత శాశ్వత ఉద్యోగం మాత్రం ఆలస్యం కావచ్చు, పోస్టులు తక్కువ. ఈ మాట మీ ముగ్గురూ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. ఎమ్మెస్సీ ముగిసిన రెండేళ్లలో ఫెలోషిప్ గానీ, ప్రాజెక్టు ఉద్యోగం గానీ రాకపోతే ఆరోగ్య శాఖ ఎంటమాలజీ పోస్టులకో, బీఎడ్ చేసి టీచర్ ఉద్యోగానికో వెళ్తానని వాడు ఒప్పుకోవాలి. ఆ రెండేళ్లూ రోజూ దెప్పనని మీవారు ఒప్పుకోవాలి. డిప్లొమా ఫీజు కోసం పక్కన పెట్టిన డబ్బులో కొంత తీసి వాడికి మంచి స్టీరియో మైక్రోస్కోపు కొనిపెట్టండి. మిగతాది బ్యాంకులోనే ఉంచండి, ఎమ్మెస్సీకి పనికొస్తుంది.