ఒకే ట్రేలో రెండు రకాల సిరంజీలు

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి హన్మకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి నాలుగు నెలలైంది. గత వారం నైట్ డ్యూటీలో, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒక అవ్వకు కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించేందుకు నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టబోతే రెండుసార్లూ నరం దొరకలేదు. ఆమె కొడుకు వార్డంతా వినేలా కేకలు వేశాడు. అదే రాత్రి ఇన్సులిన్ తీయబోతూ, ఒకే ట్రేలో ఉన్న రెండు రకాల సిరంజీలలో వేరేది పట్టుకున్నాను. సీనియర్ సిస్టర్ చూసి ఆపారు కానీ, ‘నాలుగేళ్లు ఏం చదివావు?’ అన్నారు. అప్పటి నుంచి ఏ సందేహమూ అడగలేకపోతున్నాను. నేను ఈ పనికి తగనేమో?
– ఒక సోదరి, హన్మకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే భయం కలిగించినది ‘అడగలేకపోతున్నాను’ అన్న మాట. చేతి వణుకు రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది, అడగకుండా ఊహించి చేసే అలవాటు మాత్రం ఒకసారి పడితే వదలదు.

ఇన్సులిన్ సంగతే చూడండి. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, ఇన్సులిన్ పెన్నుల్లో వాడేది 100 యూనిట్లది. 40 సిరంజీకి ఎర్ర మూత, 100 సిరంజీకి నారింజ మూత ఉంటాయి. అర్ధరాత్రి మసక వెలుతురులో ఆ రెండు రంగులూ ఒకేలా కనిపిస్తాయి. 100 యూనిట్ల మందును 40 సిరంజీలో 10వ గీత వరకు తీస్తే రోగికి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. చక్కెర పడిపోయి స్పృహ తప్పినా, రాత్రివేళ చూసేవారికి రోగి నిద్రపోతున్నట్టే ఉంటుంది. అందుకే సీసా మీది అంకెనూ సిరంజీ మీది అంకెనూ పైకి చదివి, పక్కనున్న సిస్టర్‌కు చూపించాకే ఇవ్వండి. ఎంత అనుభవమున్నా ఇది మానకూడదు.

నేను నర్సుగా కొత్తగా చేరిన రోజుల్లో ఒక కేస్ షీట్‌లో మందు మోతాదు 5 అని రాశారో, ముందు దశాంశ చుక్క ఉండి .5 అని రాశారో తేలలేదు. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే డాక్టరుగారు విసుక్కున్నారు, చుక్క ఉంది. ఆ విసుగు తెల్లవారేసరికి నేను మరిచిపోయాను, ఆ చుక్కను మాత్రం ఇన్నేళ్లయినా మరవలేదు.

కాన్యులా విషయంలో మీరు తప్పు చేశారని నేననుకోను. వృద్ధుల నరాలు పైకి కనిపిస్తాయి గానీ సూది తగలగానే పక్కకు జారిపోతాయి, పెళుసుగా ఉండి చిట్లిపోతాయి. చేతిని కాసేపు కిందికి వేలాడదీయించి, గోరువెచ్చని గుడ్డ చుట్టి, బొటనవేలితో చర్మాన్ని కిందికి బిగించి పట్టుకోండి. రెండుసార్లు దొరక్కపోతే మూడోసారి పొడవకుండా ఇంకొకరిని పిలవండి. ఆ మాట ముందే చెప్పండి: ‘అవ్వా, నరం సన్నగున్నది, దొరక్కపోతే ఇంకో సిస్టర్‌ను పిలుస్త.’ అడవి దారిన రాత్రికి రాత్రి బండి మాట్లాడుకొని తల్లిని తెచ్చిన కొడుకు కేకల్లో భయమే ఎక్కువ. ఈ ఒక్క మాటతో అది చాలావరకు తగ్గుతుంది.

మీ సీనియర్ మిమ్మల్ని ఆపినందుకు కృతజ్ఞతతో ఉండండి, అన్న మాటను మాత్రం మనసులో పెట్టుకోకండి. అలాంటి మాటలు మా తరం వాళ్లమూ పడ్డాం, కొందరం మళ్లీ అన్నాం కూడా. అది మా తప్పే. ఈ వారంలోనే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ను కలిసి, జరిగినది దాచకుండా చెప్పి, రెండు రకాల సిరంజీలనూ వేర్వేరు ట్రేలలో పెట్టించమని కాగితం మీద రాసి ఇవ్వండి.